ఎడమ దిక్కు సప్పుడు

స్టీల్ సామాన్ల అంగడోనికి సంగీతం ఎందుకు అని నన్ను చూసి చానామంది నవ్విన్రు. నవ్వనీ. పొద్దున షట్టరు లేపిన కాడికెల్లి సందేల దించేదాంక నా చెవులల్ల బిందెలు, బకెట్లు, గంటెలు, మూతలు. పెండ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ప్రతి గిరాకీ కొనే ముందర బిందెను వేలితోని కొట్టి కొట్టి చూస్తడు, పుచ్చకాయ కొన్నట్టు. గసువంటోనికి కాకుంటే మంచి సంగీతం ఇంకెవనికి కావాల్నయ్యా?

మా ఇంటామెది వేరే మాట. "నీకు పాటా లేదు, గీటా లేదు. అహల్య చేసే సుస్లా తిననీకి పోతవు," అంటది. మండక్కి, అదే బొరుగులు, నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిగడ్డ పోపుల కలిపి, పుట్నాల పొడి చల్లితే సుస్లా. పక్కన వేడి వేడి మిర్చి బజ్జీ ఉంటే రాయచూర్ల పుట్టినోనికి ఇంకేం అక్కర లేదు. కాబట్టి ఆమె మాట పూరా అబద్ధమని నేను అనలేను.

అహల్య మా తిరుమలేశ్ భార్య. తిరుమలేశ్, నేను ఒక్క బడిల చదివినోళ్లం. బజార్ల వానిది బెల్లం, చింతపండు హోల్‌సేల్ అంగడి. అంగడి వెనక గల్లీల రాతి గోడల పాత ఇల్లు. ఆ ఇంట్ల వంటింటికి ఆనుకొని ఒక అర్ర ఉంది. దాంట్ల నా భుజం ఎత్తు స్పీకర్లు రెండు, గాజు బుడ్లు ఎర్రగ వెలిగే ఆంప్లిఫయర్ ఒకటి, గోడ పొడుగు నల్ల రికార్డులు. ఒక్కొక్కటి ఎక్కడెక్కడికెల్లో తెప్పించి, కూడబెట్టి, వాడు ఆ అర్రను తయారు చేసిండు. ఆదివారం మధ్యాహ్నం బజారు బంద్ ఉంటది. ఆ పూట నేను గాడ ఉంట.

ఆ అర్రకు కానూన్లు మస్తున్నయి. ఫోను బయట పెట్టాలె. ఫ్యాన్ వేయొద్దు, గాలి సప్పుడు పాటల కలుస్తదంట. దగ్గొద్దు, తుమ్మొద్దు. తినేది ఏదన్న ఉంటే బయటనే. నేను ఒకసారి గంజి పెట్టిన చొక్కా తొడుక్కొని పోతే, "కదిలినప్పుడల్ల అప్పడం ఇరిగినట్టు సప్పుడు చేస్తుంది, ఇప్పు," అని ఇప్పించి బనీను మీద కూసోబెట్టిండు. అహల్యకైతే లోపలికి రానే వద్దని చెప్పిండు, చేతికి గాజులున్నయని. ఆమె కూడ, "నీ గుడి నీకే ముబారక్," అని రానే లేదు ఎన్నడు.

అన్నిటికీ ఒప్పుకున్న నేను. ఎందుకంటే రెండు స్పీకర్లకు నడిమిట్ల ఒకటే కుర్చీ ఉంటది. దాని మీద కూసొని కండ్లు మూసుకుంటే, పాడే ఆమె వచ్చి మన ముందర కూసుంటది. నిజంగ కూసుంటది. పాట ఎత్తుకునే ముందర ఊపిరి తీసుకుంటది, అది వినొస్తది. తంబూర తీగను వేలు ఇడిసిపెట్టింది వినొస్తది. మొట్టమొదటిసారి ఆ కుర్చీల కూసున్ననాడు నా కండ్లకెల్లి నీళ్లు కారినయి, సిగ్గెందుకు చెప్పనీకి. వారమంతా బిందెల మోత విన్నోనికి అది స్వర్గమే.

పోయిన ఉగాది అయినంక ఎండలు ముదిరినయి. మిద్దె మీద ట్యాంకుల నీళ్లు పొద్దున్నే చాయ్ పెట్టుకునేటంత కాగుతున్నయి. కరెంటు మా జిల్లాలనే పుడతది గాని, మా గల్లీ దాంక వచ్చేసరికి దానికి సుస్తీ అయితది. అసువంటి ఒక ఆదివారం, బనీను మీద కూసొని, చెమటల నానుకుంట, దాసర పదాలు, అంటే కన్నడ భక్తి పాటల, రికార్డు వింటున్నం. పాత రికార్డు, ఒక్క ఆడామె, తంబూర, అంతే. రెండో పాటల తిరుమలేశ్ చెయ్యి లేపిండు.

"రంగా, విన్నవా?"

"ఏంది?"

"ఎడమ దిక్కు. సన్నగ ఏదో సప్పుడు."

నేను చెవి పెట్టి విన్న. నిజమే. పాట వెనకాల, ఎడమ మూలకెల్లి, ఏదో గుయ్యిమన్నట్టు ఉంది. ఉన్నదా అంటే ఉంది, లేదా అంటే లేదు.

"ఈగ అయి ఉంటది," అన్న.

"ఈగ తాళం తప్పకుండ మోగుతదా?" అన్నడు వాడు. వాని మొకం అప్పుడే వాడిపోయింది.

మల్ల వారానికి వాడు ఎడమ స్పీకర్ వైరు మార్చిండు. సప్పుడు పోలేదు. గాజు బుడ్లు మార్చిండు. పోలేదు. ఇద్దరం కలిసి ఆ గుండ్రాయసువంటి స్పీకర్లను మోసి ఎడమది కుడికి, కుడిది ఎడమకు పెట్టినం. నా నడుము పట్టుకుంది గాని సప్పుడు ఎడమ దిక్కే ఉండిపోయింది. వయొలిన్ రికార్డు పెడితే రాదు. వీణ పెడితే రాదు. దాసర పదాలు పెడితే మాత్రం హాజరు.

"సమజయింది," అన్నడు తిరుమలేశ్. "ఆడగొంతు వచ్చిన కాడ ఏదో అదురుతుంది. కరెంటుల లోపం. ఎర్తింగ్ బాగలేదు."

ఇంక చూడాలె తమాషా. ఈరప్ప అని గుంతలు తవ్వేటోన్ని పిలిచిండు. వెనక వాకిట్ల మనిషి లోతు గుంత తవ్వమన్నడు. ఈరప్ప గడ్డపార పక్కకు పెట్టి, చెమట తుడుచుకొని కన్నడంల అడిగిండు: "ఏన్రీ సావుకార్రె, బావి తోడస్తీరేను?"

"బావి కాదప్పా," అన్న నేను. "పాటకు గుంత."

ఈరప్ప నన్ను చూసిండు, తిరుమలేశ్‌ను చూసిండు, ఎండ తగిలిందేమో అనుకున్నడు పాపం, మంచినీళ్ల చెంబు మా దిక్కు జరిపిండు.

గుంతల బొగ్గు, ఉప్పు పోసి, రాగి పట్టీ దించి పూడ్చిన్రు. అది తడిగ ఉండాలంట, రోజు నీళ్లు పొయ్యాలంట. మా గల్లీల నల్లా నీళ్లు వచ్చిన నాడే పండగ. తిరుమలేశ్ బిందె ఎత్తుకొని గుంతకాడికి పోతుంటే అహల్య అడ్డం నిలబడ్డది.

"తాగనీకి లేవు, నీ గుంతకు అభిషేకమా?"

"ఒక్క బిందే, అహల్యా."

"మొన్న నీ పాట కోసమని ఫ్రిజ్ బంద్ చేస్తివి, పాలు ఇరిగిపాయె. నిన్న గుంతకు పోస్తివి, నాకు అంట్లు తోమనీకి లేకపాయె. ఏం సప్పుడో ఏమో, ఊర్ల ఎవరికి వినపడనిది నీకొక్కనికే వినపడుతది."

"రంగనికి కూడ వినపడుతది."

ఆమె నా దిక్కు చూసింది. నేను ఆకాశం దిక్కు చూసిన. ఆలుమగల నడుమ తలపెడితే ఏమైతదో పెండ్లయిన ప్రతి మగోనికి తెలుసు.

గుంత తడిసింది, సప్పుడు పోలేదు. మే నెల నడిమిట్లకు వాడు సగమయ్యిండు. అంగడిల చింతపండు తూకం వేసుకుంట కూడ అదే ధ్యానం. ఒకనాడు నా అంగడికి వచ్చి, బిందెల నడుమ స్టూలు మీద కూసొని చెప్పిండు:

"మిరుగు లోపల ఆ సప్పుడు పోవాలె రంగా. పోకుంటే అన్నీ అమ్మేస్త. స్పీకర్లు, ఆంప్లిఫయర్, రికార్డులు, అన్నీ. లోపమున్నదాన్ని ఇంట్ల పెట్టుకొని రోజు చూసుకుంట ఏడ్వలేను."

మిరుగంటే తొలకరి కార్తె. మా దగ్గర పత్తి గింజ వేసేది అప్పుడే. ఎంత దూరమని? కండ్ల ముందరనే ఉంది.

"జరంత సప్పుడుకు అన్ని అమ్ముతవా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అని ఒర్రిన. నిజం చెప్పాలంటే నా ఏడుపు నాది. వాడు అమ్మితే నాకు ఆదివారమే లేదు. ఆదివారం కూడ బిందెలే.

వాడు మొండోడు. సింధనూరు దిక్కు ఆంధ్ర రైతుల క్యాంపుల కిషోర్ అని ఒకాయన ఉన్నడంట, రైస్ మిల్లు ఉందంట, ఈ పిచ్చే ఉందంట. ఆయనతోని ఫోన్ల మాట్లాడి కూడ పెట్టిండు.

అమ్మే మాట అనుకున్నంక వచ్చిన ఆదివారం, నేను మామూలు కంటే ముందుగాల్నే పోయి మిర్చి బజ్జీలు జరంత ఎక్కువనే లాగించిన. దుఃఖంల ఆకలెక్కువ అయితది నాకు. లోపల పాట షురూ అయింది, సప్పుడు కూడ షురూ అయింది, నా గొంతుల మిరపకాయ కూడ షురూ అయింది. దగ్గు ఆపుకున్న, ఆపుకున్న, కండ్లల్ల నీళ్లొచ్చినయి. తిరుమలేశ్ నన్ను చూసిన చూపుకు నేనే లేచి, తలుపు మెల్లగ దగ్గరికేసి, మంచినీళ్ల కోసం వంటింటికి పోయిన.

గడప కాడనే నిలబడిపోయిన.

అహల్య నేల మీద, గోడకు ఆనుకొని కూసుంది. ఒళ్లె చాట. చాటల కందిపప్పు. రాళ్లు ఏరుకుంట, కండ్లు సగం మూసుకొని, పాడుతుంది. మెల్లగ, చానా మెల్లగ. రికార్డుల ఆమె పైకి పోతే ఈమె కింద నిలబడుతుంది, ఆమె దిగి వస్తే ఈమె అందుకుంటుంది. ఎక్కడ గూడ తడబాటు లేదు. ఆమె తల మీద, గోడల, పాతకాలపు చిన్న గాలి కిటికీ ఒకటుంది. అటుదిక్కు సంగీతం అర్ర. అర్ర తయారు చేసిననాడు తిరుమలేశ్ ఆ కిటికీల పాత బొంత కుక్కి, తన దిక్కు మందం పరదా వేసుకున్నడు. ఇప్పుడు చూస్తే బొంత లేదు.

నన్ను చూసి ఉలిక్కిపడి ఆమె నోరు మూసుకుంది.

అప్పుడే లోపలికెల్లి తిరుమలేశ్ కేక: "రంగా! ఒరేయ్ రంగా! పోయిందిరా! సప్పుడు పోయింది!"

నా నోట్ల దగ్గు నోట్లనే ఆగిపోయింది.

"ఏం పోయిందంట?" అనడిగింది అహల్య.

"ఏం లేదు చెల్లె. వానికి... ఏదో దొరికినట్టుంది," అన్న. పోయిందని వాడు ఒర్రుతుంటే దొరికిందని నేనంటున్న. నా తెలివి గట్లుంటది.

"బొంత నేనే తీసిన అన్నా," అన్నది ఆమె, దొంగ దొరికినట్టు. "ఈ ఎండకు పొయ్యికాడ పాణం పోతుండె, జర గాలన్న వస్తదని తీసిన. చూస్తే గాలి రాలేదు, పాట వచ్చింది. మస్కి ఊర్ల మా అమ్మోళ్లింట్ల ఉన్నప్పుడు గురువారం గురువారం భజన పాడుతుంటిమి. ఈ పదాలన్నీ నాకు నోటికొస్తయి. పెండ్లయినంక మా అత్తకు పాట అంటే పడకపాయె, మల్ల పిల్లలాయె, మల్ల ఈయన గుడికి తలుపాయె. ఈ ఎండకాలమే మల్ల నోరు తెరిచిన." జర ఆగి అడిగింది: "ఎవరికన్న వినపడుతదా ఏంది?"

"లేదు, లేదు. నాకే వినపడలేదు, గడప మీద నిలబడి కూడ."

"వినపడితే ఇంక నోరు తెరవనమ్మా. సిగ్గు గాదూ? అంత పెద్ద పెద్దోళ్ల పాటలు వినేటాయన. నా గొంతు వింటే నవ్వుతడు."

ఆమె ధైర్యపడి మల్ల పాట ఎత్తుకుంది, నేను మంచినీళ్లు తాగకుండనే అర్రలకు వచ్చిన. తిరుమలేశ్ అప్పటికే మల్ల తల పట్టుకొని కూసున్నడు. సప్పుడు తిరిగి వచ్చిందంట.

నా నోట్ల నువ్వు గింజ నానదని గల్లీల అందరికి తెలుసు. అసువంటోని నోట్ల దేవుడు ఇంత పెద్ద ముద్ద పెట్టిండు. చెప్తే ఏమైతది? తిరుమలేశ్ ఎగిరి గంతేస్తడు, పోయి బొంత కుక్కుతడు, "ఇన్నొద్దులు నువ్వా నా పాణం తీసింది" అంటడు. చెడ్డోడు గాదు, కానీ పాట ముందర వానికి మనిషి కనపడడు. ఆమె మల్ల ఈ జన్మల పాడదు. చెప్పకుంటే? మిరుగు వస్తది, మిల్లాయన వస్తడు, స్పీకర్లు పోతయి, పాట పోతది, అప్పుడు కూడ ఆమె పాడదు. ఎటు చూసినా ఆమె నోరే మూతపడుతుంది.

నోరు ఊకుంటదా? ఒకసారి జారనే జారింది. "ఒరేయ్, ఆ సప్పుడు గూడ బాగనే ఉంది కదరా, తియ్యగ," అన్న వానితోని.

"తియ్యగనా?" అని వాడు నన్ను పైకెల్లి కిందికి చూసిండు. "నీ చెవులు గిన్నెలతోని ఖరాబ్ అయినయి. ఇంక నిన్ను అడగను."

చివరికి ఒక ఉపాయం తట్టింది. ఎవరికి చెప్పకుండ నేనే బొంత కుక్కేస్తే? సప్పుడు పోతది, అమ్మకం ఆగుతది, నా కుర్చీ నాకుంటది. పెట్టెలకెల్లి పాత బొంత తీస్తుంటే మా ఇంటామె అడిగింది, ఈ ఎండల బొంత ఎవరికని. "తిరుమలేశ్‌కు సలిజ్వరం," అన్న, నోటికేదొస్తే అది. ఆ మాట సందేలకల్లా గల్లీ దాటిపోయింది. మల్ల రోజు బజార్ల సగంమంది వాని అంగడికి పోయి జ్వరం ఎట్లుందని అడిగిన్రు, ఒకాయన బత్తాయిలు గూడ తీసుకపోయిండు.

వాడు అంగడిల ఉన్న టైం చూసి ఇంటికి పోయిన. అహల్య పక్కింట్ల పచ్చడి మామిడికాయలు కొడుతున్నరంటే పోయింది. తలుపు తెరిచే ఉంది. వంటింట్ల స్టూలేసి ఎక్కి, బొంత మడత పెట్టి కిటికీ దాంక తీసుకపోయిన. చేతులు ఆడలేదు. కింద ఆమె కూసునే జాగ కనపడుతుంది. గోడకు ఆమె ఈపు ఆనిన కాడ సున్నం జరంత నున్నగ అయింది. నా ఆదివారం కోసం ఆమె ఆదివారం మూస్తున్ననా నేను అనుకున్న. ఎంత సేపు గట్ల నిలబడ్డనో తెల్వదు.

"అన్నా! నా స్టూలెక్కి ఏం చేస్తున్నవు?"

పడబోయి కిటికీ పట్టుకున్న. "బల్లి... బల్లి పోయింది చెల్లె లోపలికి."

"బల్లికి బొంతెందుకు?"

"సలి పెడుతదేమో అని."

ఆమె చీరె కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. ఇంత ఎండల, అంత హాయిగ నవ్వింది. నవ్వు ఆగినంక మామిడికాయల గంప కింద పెట్టి, నన్ను చూసి అన్నది:

"అన్నా, నువ్వు చెప్తే వింటడు. అమ్మొద్దని చెప్పరాదు? నేను చెప్తే, గాజులదానికి నీకెందుకు అంటడు. పోతే పోనీ అని అందరంటరు, ఇల్లు విశాలమైతదని. నేనంటలేను. ఈ ఒక్క ఎండకాలమే పాడిన నేను."

"చెప్త చెల్లె," అన్న. బొంత చంకల పెట్టుకొని ఎండల ఇంటికొచ్చిన. తొవ్వల ఇద్దరు ముగ్గురు తిరుమలేశ్ జ్వరం గురించి అడిగిన్రు.

ఎంత చెప్పినా వాడు వినలేదు. మిరుగు ఇంకా రానేలేదు, క్యాంపు కిషోర్ మాత్రం వచ్చేసిండు. ఆదివారం మధ్యాహ్నం, కార్ల. తెల్లటి మనిషి, తెల్లటి లుంగీ, మెడల తువ్వాల. వాళ్ల తాతలు కాలువ వచ్చినప్పుడు ఆంధ్రకెల్లి వచ్చి ఇక్కడ వరి పెట్టినోళ్లు, మాట ఇంకా అక్కడిదే.

"నమస్కారమండీ. అబ్బ, ఏం ఎండలండీ మీ ఊళ్లో! మా క్యాంపులో కాస్త చెట్టూ చేమా ఉంటాయండీ."

తిరుమలేశ్‌కు ముచ్చట్ల మీద మనసు లేదు. అర్రలకు తీసుకపోయి కుర్చీల కూసోబెట్టి, నిలబడే చెప్పిండు: "ముందే చెప్తున్న. దీంట్ల లోపముంది. నేను దాచి అమ్మేటోన్ని గాదు. ఎడమ దిక్కు సప్పుడొస్తది. విని, మీకు ఇష్టమైతేనే తీసుకోండి."

"విననివ్వండి ముందు," అన్నడు కిషోర్, చెప్పకముందే ఫోను బయటపెట్టి వచ్చి, కండ్లు మూసుకున్నడు. మనోడే అని సమజయింది నాకు.

తిరుమలేశ్ దాసర పదాల రికార్డే పెట్టిండు. నేను గోడకాడ నిలబడి దేవునికి మొక్కుతున్న. ఏమని మొక్కాల్నో తెల్వక ఉత్తగ మొక్కుతున్న. పాట మొదలైంది. తంబూర, ఊపిరి, గొంతు. రెండో పాటల, ఎడమ దిక్కు, సన్నగ, అది వచ్చింది. అహల్య వంటింట్ల చాట ముందరేసుకొని కూసుందన్నట్టు. తిరుమలేశ్ తల దించుకున్నడు.

కిషోర్ చెయ్యి పైకి లేపిండు. ఎవరు మాట్లాడొద్దన్నట్టు. పాట అయిపోయేదాంక ఆ చెయ్యి దించలేదు. అయిపోయినంక కండ్లు తెరిచి, "బాబోయ్!" అన్నడు.

"చెప్పిన కద, లోపమని," అన్నడు తిరుమలేశ్.

"లోపమేంటండీ! ఈ రికార్డు మా ఇంట్లోనూ ఉందండీ. నాకు మీసాలు రాకముందు నుంచీ వింటున్నాను. దీంట్లో ఇంకో ఆవిడ కూడా పాడిందని ఇవాళే తెలిసిందండీ నాకు! ఏం స్పీకర్లండీ ఇవి! మా ఇంట్లో ఆవిడ వినపడనే వినపడదు."

"ఇంకో ఆమెనా?"

"ఎడం పక్క, కొంచెం వెనకాల. కింద కూర్చుని పాడుతోందండీ, అది కూడా తెలుస్తోంది! పెద్దావిడకి అడ్డురాకుండా, ఎంత మర్యాదగా పాడుతోందో చూడండి. సప్పుడంటారేంటి మీరు, అంత మంచి గొంతుని?"

తిరుమలేశ్ రికార్డు అట్ట తీసిండు. దాని మీద ఒక్క పేరే ఉంది. తిప్పి చూసిండు. ఒక్క పేరే. నా దిక్కు చూసిండు. నా మొకంల ఏం కనపడిందో తెల్వదు, నేను మాత్రం జన్మల మొదటిసారి నోరు మూసుకొని నిలబడ్డ.

వాడు మల్ల ముల్లు పెట్టిండు. అదే పాట. ఈసారి కూసోలేదు. పాట పెరుగుతుంటే, ఎడమ స్పీకరు కాడికి నడిచిండు. స్పీకరుకు చెవి పెట్టిండు. అక్కడ లేదు. స్పీకరు దాటి గోడ కాడికి పోయిండు. పరదా మూల పట్టుకొని జరంత లేపిండు. వంటింటి ఎలుగు వాని మొకం మీద పడ్డది.

గట్లనే నిలబడ్డడు వాడు. నేను వాని ఈపు చూస్తున్న. కోపమొస్తదో, ఒర్రుతడో అని చూస్తున్న. వాడు కదలలేదు.

అటెన్క మెల్లగ ఆంప్లిఫయర్ కాడికి వచ్చి, బటను తిప్పి, సౌండు తగ్గిస్తూ పోయిండు. పెద్దామె గొంతు సన్నబడింది, తంబూర సన్నబడింది, పోయింది. ఎడమ దిక్కు గొంతు మాత్రం పోలేదు. పాట ఆగిందని చూసుకోక, కండ్లు మూసుకొని ఉందేమో, ఒక్కతే పాడుకుంట పోయింది. ఒక చరణం సగం దాంక. కిషోర్ కుర్చీల నిటారుగ అయిండు.

అప్పుడు ఆగింది. పరదా వెనకకెల్లి అహల్య మాట వచ్చింది:

"ఏంది, కరెంటు పోయిందా?"

"పోలేదు," అన్నడు తిరుమలేశ్. "నేనే బంద్ చేసిన. నువ్వు కానియ్యి."

అటు దిక్కు చాట నేల మీద పెట్టిన సప్పుడు వచ్చింది. గాజులు ఒక్కసారి కదిలినయి. లేచి పోయింది, ఇంక అయిపోయింది అనుకున్న నేను. కిషోర్ ఏదో అనబోతే తిరుమలేశ్ చేతితోనే ఆపి, పోయి ఆ కిటికీ కింద, గోడకు ఈపు ఆనిచ్చి, నేల మీద కూసున్నడు.

"అహల్యా," అన్నడు. "ఎండకాలమంతా నీ గొంతే విన్న నేను. తెల్వక గుంతలు తవ్విన. కానియ్యి."

గోడ అవతల ఆమె గొంతు సవరించుకుంది. పాట మొదటికెల్లి ఎత్తుకుంది. ఈసారి మెల్లగ పాడలేదు.